మంచం కింది హద్దురాయి

మా బాపు ఎవరినీ నమ్మడు. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు, నేనూ నమ్మను కాబట్టి. తండాలో మా ఇంటికి కొత్త మనిషి ఎవరొచ్చినా మంచం వాలుస్తాం, మంచినీళ్ళిస్తాం, ఆ తర్వాత ఆయన ఎందుకొచ్చాడో తేలేదాకా ఆయన చేతులవైపే చూస్తూ కూర్చుంటాం. చేతిలో కాగితం ఉంటే చూపు ఇంకాస్త గట్టిపడుతుంది. "ఊకనే ఎవ్వడు రాడు బిడ్డా," అంటాడు బాపు. "కాగితం పట్టుకొని అసలే రాడు."

మా ఇంట్లో మాట్లాడుకునేది తండా భాష. చదివేవాళ్ళకు తెలియాలని ఆ మాటలన్నీ తెలుగులో రాస్తున్నాను. అమ్మను మాత్రం యాడి అనే రాస్తాను. అమ్మ అని రాస్తే వేరే ఎవరి గురించో రాసినట్టుంటుంది.

బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. భూమి లోపల పైకప్పు కూలకుండా మొద్దులు నిలబెట్టడం ఆయన పని. కప్పు గట్టిగానే ఉందని నమ్మి కింద కూర్చున్నవాళ్ళే పోతారనీ, ముందు కర్రతో కొట్టి చప్పుడు విన్నాకే కాలు పెట్టాలనీ అనేవాడు. ఆ అలవాటు పైకొచ్చాక కూడా పోలేదు. నన్ను చూడటానికి వచ్చిన పెళ్ళికొడుకునూ అలాగే కొట్టి చూశాడు. పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ అని అబ్బాయి చెబితే నమ్మక, బస్సెక్కి వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. షిఫ్టు దిగి వచ్చినవాళ్ళలో అబ్బాయి కనిపించేదాకా కాచి, కనిపించాక పలకరించకుండానే తిరిగొచ్చాడు. మా ఆయన ఆ సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటాడు.

మాకు మూడెకరాలుంది. పాల్వంచ నుంచి భద్రాచలం పోయే దారికి కాస్త లోపలగా, తండాకు అడవికి మధ్యలో ఉంటుంది. బాపు బాయిలో చేరిన కొన్నేళ్ళకు మా తండా మనిషి దగ్గరే కొన్నాడు. పట్టా భూమి, అడవి నరికి చేసుకున్న పోడు కాదు. పోడు చేసుకున్నవాళ్ళ గోస వేరే ఉంది, అది చెప్పాలంటే ఇంకో పుస్తకం కావాలి. మా చేనుకు కింది వైపు బండ్లబాట, బాట పక్కన ఒక చప్పటి బండ ఉంటాయి. పై వైపు అడవి. అడవికి దగ్గరగా బోరు వేయించాడు బాపు. ఆ బోరు మీదే పత్తి, మిరప. బోరు లేకపోతే మా చేను వానకు మొక్కుకుంటూ కూర్చోవాల్సిందే.

నేను మూడో తరగతిలో ఉండగా సర్వే ఆయన వచ్చి, గొలుసుతో కొలిచి, అడవి వైపు మూలలో మేకు కొట్టి పోయాడు. ఆ మేకు ఉన్నచోట హద్దురాయి పాతుకోవడం చేనుగలాయన పని. బాపు ఎవరినీ రానివ్వకుండా ఒక్కడే పోయి పాతొచ్చాడు. ఆ రాయి మీద అడ్డంగా నిలువుగా రెండు గీతలుండేవి. బడి లేనప్పుడు నేను దానిమీద కూర్చుని మేకలను చూసుకునేదాన్ని.

సరిగ్గా ఆ వారమే మా ఇంట్లో ఒక గొడవ మొదలై ముప్పై ఏళ్ళు నడిచింది. యాడికి పుట్టింటివాళ్ళు మూడు గిన్నెల స్టీలు క్యారేజి ఇచ్చారు. ప్రతి గిన్నె మీదా మిషన్‌తో చుక్కలు చుక్కలుగా ఆమె పేరు చెక్కించారు. బాపు దాంట్లోనే బాయికి అన్నం పట్టుకెళ్ళేవాడు. ఒకరోజు క్యారేజి రెండు గిన్నెలతోనే ఇంటికొచ్చింది. కింది గిన్నె ఏమైందని యాడి అడిగితే "బాయిల పోయింది," అన్నాడు.

"పోతే క్యారేజి మొత్తం పోవాలె. కింది గిన్నె ఒక్కటే ఎట్ల పోతది?"

బాపు కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. మా యాడి మాత్రం ఆ ఒక్క ప్రశ్నను వదల్లేదు. బాయి కాలనీలో ఎవరికో ఇచ్చాడని ఆమె అనుమానం. పండగకు గిన్నెలు తోముతున్నప్పుడల్లా, "నా గిన్నెల ఎవతో పప్పు తింటున్నది," అని వినపడేలా అనేది. బాపు తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని బీడీ ముట్టించేవాడు. నిజంగానే ఇచ్చాడేమోనని నాకూ అనిపించేది. తండ్రి మీద అలాంటి అనుమానం రావడం ఏ ఆడపిల్లకూ మంచిది కాదు, కానీ వచ్చింది.

యాడికి నామీద ఉన్న ఫిర్యాదు వేరు. నా నడక. "ఆడపిల్లవు, అంగలేంది గట్ల? అచ్చం మీ బాపు లెక్క," అని వెనకనుంచి తిడుతూ వచ్చేది. నిజమే, మేమిద్దరం నడిస్తే తండాలో ఎవరూ మాతో కలవలేరు. ఇప్పుడు గవర్నమెంటు దవాఖానాలో నర్సుగా వార్డులో తిరుగుతుంటే కూడా, నేను వస్తున్నట్టు అడుగుల చప్పుడుతోనే తెలుస్తుందని పేషెంట్లు అంటారు.

ఇక పాసుబుక్కు సంగతి. అసలుది ఎక్కడుందో బాపుకు తప్ప ఎవరికీ తెలియదు. బియ్యం డబ్బాలో అని యాడి అంటుంది, వాసంలో అని నేను. ఎవరడిగినా జిరాక్స్ ఇస్తాడు. అసలుదానికీ జిరాక్స్‌కూ తేడా ఎలా పట్టాలో నాకు చిన్నప్పుడే నేర్పాడు. "పేజీ ఎనకదిక్కు బొటనవేలితోని రుద్ది చూడు. పెన్నుతోని ఒత్తి రాసింది చేతికి తాకుతది. జిరాక్స్‌ది తాకదు." నేను లెక్కలకంటే ముందు నేర్చుకున్న విద్య అది.

రెండేళ్ళ కిందట మా పక్క చేను పెదనాన్నకు దెబ్బ తగిలింది. ఆయన హద్దురాయి ఉన్నచోట లేదు. ఇరవై గజాలు కిందికి, ఆయన చేనులోకి వచ్చి కూర్చుంది. రాయికి కాళ్ళు రావు కదా. ఎవరు జరిపారో చూసినవాళ్ళు లేరు. అడవి ఆఫీసువాళ్ళు వచ్చి, రాయి ఇక్కడుంది కాబట్టి అడవి ఇక్కడిదాకా అన్నారు. వారం తిరక్కుండా జేసీబీ వచ్చి కందకం తవ్వింది, కందకం అవతల మొక్కలు నాటేశారు. పెదనాన్న దగ్గరా పట్టా ఉంది. ఆయన ఇంకా ఆ పట్టా పట్టుకుని తిరుగుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత మా వంతు వచ్చింది. ఏదో పని మీద మీసేవలో మా సర్వే నంబరు కొట్టించి చూస్తే, బాపు పేరు పక్కన ఎర్ర అక్షరాలతో 'అటవీ, నిషేధిత జాబితా' అని వచ్చింది. ఒళ్ళు మండింది నాకు. ముందు రోజు దాకా లేనిది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు? మండల ఆఫీసుకు పోతే అడవి ఆఫీసు నుంచి కాగితం తెమ్మన్నారు. అడవి ఆఫీసుకు పోతే మండల ఆఫీసువాళ్ళే ఇవ్వాలన్నారు. ఈ రెండు ఆఫీసుల మధ్య రోడ్డు మీద నా సెలవులన్నీ అయిపోయాయి.

అడవి వద్దని మేమెప్పుడూ అనలేదు. ఆ అడవి గాలికే పుట్టాం, ఆ ఇప్పపూలే ఏరుకుని పెరిగాం. కానీ ఒక మనిషి ముప్పై ఏళ్ళు పాతాళంలో ఊపిరి బిగబట్టి సంపాదించుకున్న నేల మీద, ఎక్కడో కూర్చున్న ఎవరో ఒక మాట రాస్తే సరిపోతుందట. అది అబద్ధమని రుజువు చేసుకోవాల్సింది మాత్రం మేమట. నన్ను దొంగ అన్నవాడు చూపించాలి కదా నేనేం ఎత్తుకుపోయానో. కంచే చేను మేస్తుంటే చేనుగలవాడే సంజాయిషీ ఇచ్చుకోవాలా? ఈ ప్రశ్న ఏ కౌంటర్ దగ్గర అడిగినా ఎల్లుండి రమ్మన్నారు.

అసలు పాసుబుక్కు చూపించమని మండల ఆఫీసులో అడిగినప్పుడు బాపు నాకూ జిరాక్సే ఇచ్చాడు. బయటికొచ్చాక వేలితో రుద్ది చూస్తే నున్నగా ఉంది. ఆ రోజు బస్టాండులోనే కొట్లాడాను. "నేను నీ బిడ్డను గాదా?" అన్నాను.

"బిడ్డవే. సర్కారు జీతం తినే బిడ్డవు," అన్నాడు.

ఆ మాట నాకు చాలారోజులు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. తిరిగి తిరిగి చివరికి రెండు ఆఫీసులవాళ్ళూ కలిసి వచ్చి కొలుస్తామని నోటీసు వచ్చింది. అందులో ఒక ముక్క ఉంది, హద్దురాయి చూపించవలెను అని. రాయి ఉంది కదా అని నేను నిమ్మళంగా ఉన్నాను. సర్వేకు ముందురోజు మధ్యాహ్నమే తండాకు చేరుకున్నాను. ఇల్లు ఊడుద్దామని చీపురు మంచం కిందికి పోనిస్తే దేనికో ఠంగున తగిలింది. వంగి చూశాను. గోనెసంచి. లాగబోతే ఒక పట్టాన కదల్లేదు. సంచి మూతి విప్పితే రాయి. దానిమీద అడ్డంగా నిలువుగా రెండు గీతలు.

"యాడీ, ఇదేంది?"

యాడి చాటలో బియ్యం ఏరుతూనే జవాబిచ్చింది. "మన రాయే. పక్క చేనుల రాయిని జరిపిండ్రు గద. మనది గూడ జరుపుతరని తెచ్చి పెట్టిన. మంచం మీద నేనే పంటున్న, ఇంగెట్ల జరుపుతరు?"

ఏడాది కిందట, మేకల వెంట పోయి, గడ్డపారతో పెకిలించి, గుంత పూడ్చి, సంచిలో వేసుకుని నెత్తిన పెట్టుకుని తెచ్చిందట. ఆమె లెక్కలో అది ఇంటి తాళంచెవి లాంటిది. మన దగ్గరుంటే మనదే. రాయి విలువంతా అది ఉన్న చోటులో ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఎవరినీ అడగనూ లేదు, అడిగితే వాళ్ళకు తెలిసిపోతుందని.

బాపుకు చెప్పాను. ఆ మూలంతా పొదలు పెరిగిపోయి, రాయి లేదని ఆయనా చూడలేదు. ఆయన మంచం కిందికి వంగి చాలాసేపు చూశాడు. యాడిని ఒక్క మాట అనలేదు. పొద్దు ఇంకా ఉంది, పోయి పాతేద్దాం పద అన్నాను. వద్దన్నాడు. అడవివాళ్ళు మొన్ననే మా చేనులోంచి సున్నంతో గీత పోశారు, బోరుకు ఇవతలగా. అప్పుడే చేను అంచంతా ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. "రాయి లేని ఫొటో వాళ్ళ కాడుంది. ఇప్పుడు పెడితే రాయి జరిపింది మనమే అయితం," అన్నాడు. నిజమే. పైగా ఎక్కడ పెట్టాలో యాడికీ గుర్తులేదు. అడవిలోకి మంటలు పాకకుండా అడవివాళ్ళు అంచున పొదలన్నీ కొట్టేసి తగలబెట్టారు. రెండు వానలు పడి నేలంతా ఒక్కలాగే ఉంది.

మరుసటి పొద్దున తొమ్మిదింటికల్లా వచ్చారు. కుర్ర సర్వేయరు ఒకాయన, అడవి ఆఫీసరు ఒకాయన, వెనక నలుగురు పనివాళ్ళు. బాట మీద జేసీబీ కూడా వచ్చి నిలబడింది. కొలవడానికి వచ్చినవాళ్ళకు తవ్వేది ఎందుకో ఎవరూ చెప్పలేదు. సర్వేయరు చెప్పులు విడిచి చేనులోకి దిగి, బాపుకు రెండు చేతులతో దండం పెట్టాడు. మర్యాద ఎక్కువైన ఆఫీసరు చెడ్డ వార్త తెచ్చినవాడై ఉంటాడని నా అనుభవం.

ఆయన మిషన్ నిలబెట్టి, రెండు పటాలు పరిచి చూశాడు. ఊరి పటం ప్రకారం మా హద్దు బోరు దాటి పైన ఉంది. అడవి పటం ప్రకారం సున్నం గీత దగ్గరే ఉంది. "రెండు పటాలు కలుస్తలేవు మేడమ్," అన్నాడు నాతో. "పాత రాయి కనపడితే దాన్నే పట్టుకుంటం. రాయి ఏది?"

మా యాడి అప్పటికే ఇంటికి పోయింది. కాసేపటికి సంచి నెత్తిన పెట్టుకుని చేనుగట్టు మీదుగా వస్తూ కనిపించింది. వచ్చి, అడవి ఆఫీసరు కాళ్ళ ముందు దాన్ని దించి, "ఇగో సార్ రాయి. భద్రంగ ఉంచిన," అంది.

పనివాళ్ళు నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. "హద్దురాయి పీకుడు నేరం, తెలుసా అమ్మా?" అన్నాడు. యాడి నావైపు చూసింది. చేసింది తప్పని ఆమెకు అప్పుడు తెలిసింది, అందరి ముందర. నాకు ఆఫీసరు మీద ఎంత కోపం వచ్చిందో, ఆమె మీద అంత జాలి వేసింది. రాయి లేదు కాబట్టి సున్నం గీతే ఖాయం అని ఆయన సర్వేయరుకు చెప్పి, బాట వైపు చెయ్యి ఊపాడు. జేసీబీ స్టార్టయింది.

ఆ చప్పుడుకు బాపు నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. చెవి దగ్గర నోరుపెట్టి, "బాయిల నుంచి బొగ్గు తెచ్చినోనికి పించను ఆపుతరా?" అని అడిగాడు.

"ఏం బొగ్గు బాపూ?"

"రాయి కింద ఇంక జానెడు లోతుల పెట్టిన. మా తాతల కాలం నుంచి హద్దురాయి కింద బొగ్గులు పెడతరు. కట్టె బొగ్గయినా చెదలు తినదు, కుళ్ళదు. రాయి పోయినా బొగ్గు సాక్ష్యం చెప్తది. నేను బాయి బొగ్గు పెట్టిన, ఇంక గట్టిది గద. కంపెనీది. క్యారేజిల పెట్టుకొని గేటు దాటిచ్చిన."

ఇన్నేళ్ళూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు ఆయన. ముందు ఉద్యోగం పోతుందని, తర్వాత పించను పోతుందని. పిడికెడు బొగ్గుకు ఎవరూ పించను ఆపరు బాపూ, చెప్పు అన్నాను. ఆయన నా కళ్ళలోకి చూశాడు, ఇంటికొచ్చిన కొత్త మనిషిని చూసినట్టు. "నువ్వు ఎవలి దిక్కు?" అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. జేసీబీ బాట దిగి చేనులోకి తిరుగుతోంది. బాపు దానివైపు చూశాడు, నావైపు చూశాడు, చెయ్యి పైకెత్తి, "ఆగుండ్రి," అన్నాడు.

బొగ్గు మాట వినగానే సర్వేయరు ముఖంలో ఆసక్తి కనిపించింది. పాత రాళ్ళ కింద బొగ్గు పెట్టడం తమకు ట్రైనింగులో చెప్పారనీ, అది దొరికితే రాసుకుంటాననీ అన్నాడు. ఎక్కడుందో ఎలా తెలుస్తుందని అడిగితే బాపు బాట పక్కన ఉన్న బండను చూపించాడు. బండ మీంచి ఎదురుగా కొండ కొమ్ము చూసుకుంటూ నూటపది అడుగులు. రాయి పాతిననాడు నడిచి లెక్కపెట్టి గుర్తుపెట్టుకున్నాడట. బండ ఎక్కాడు. ఒకటి, రెండు అని పైకే లెక్కపెడుతూ నడిచాడు. వెనక మేమంతా నడిచాం.

నూటపది దగ్గర ఆగాడు. సున్నం గీత దాటి రెండు బారలు వచ్చాడు, అంతే. బోరు ఇంకా ముందుంది. రాయి బోరుకు అవతల ఉండేదని తండాలో పిల్లలకు కూడా తెలుసు. బాపు తన కాళ్ళవైపు చూసుకున్నాడు. బోరువైపు చూశాడు. లోకంలో అందరినీ అనుమానించిన మనిషి ఆ రోజు మొదటిసారి తనను తాను అనుమానించుకున్నాడు.

"చూసినవా పెద్దాయనా? నీ లెక్క గూడ మా గీత కాడికే వచ్చింది," అన్నాడు ఆఫీసరు. "అంటే బోరు అడవిలనే ఏసినట్టు గద." అయినా అక్కడే తవ్వమన్నాడు. మూరెడు తవ్వారు, మూరన్నర తవ్వారు. ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. "బొగ్గు లేదు, కాకమ్మ కథ," అన్నాడు పనివాళ్ళలో ఒకడు. బాపు గుంత పక్కన కూలబడి మోకాలు రుద్దుకోసాగాడు.

ఆ రుద్దుకునే చెయ్యి చూశాక నాకు వెలిగింది. రోజూ వార్డులో ముసలివాళ్ళను నడిపించేదాన్ని, ఇంత చిన్న సంగతి తట్టలేదు. "బాపూ, లెక్క తప్పు గాదు. నీ అడుగు పొట్టిగయ్యింది," అన్నాను. "రాయి పాతిననాడు నీకు మోకాళ్ళ నొప్పి లేదు గద."

"మరి ఆనాటి అడుగు ఇప్పుడు ఏడికెల్లి తెస్తరు?" అన్నాడు ఆఫీసరు. జవాబు యాడి చెప్పింది. అంతసేపూ రాయి పక్కన కూలబడి కూర్చున్న మనిషి లేచి, నన్ను చూపించి, "అది నడుస్తది. దాని అంగలు గవే," అంది.

నేను కిందికి దిగి బండ ఎక్కాను. చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి దోపుకున్నాను. కొండ కొమ్ము చూసుకుంటూ, జీవితమంతా తిట్లు తిన్న ఆ అంగలతోనే నడిచాను. సున్నం గీత దాటాను. బోరు దాటాను. నా లెక్క నాకే వినపడుతోంది. నూటపది దగ్గర ఆగి, మడమతో నేలమీద గుర్తు పెట్టాను. అక్కడ ఏమీ లేకపోతే నా బాపు నా ముఖం ఇక చూడడేమో అనిపించింది. గడ్డపార దిగుతున్న ప్రతిసారీ అదే ఆలోచన.

మూరెడు లోతున గడ్డపారకు ఏదో తగిలి చప్పుడైంది. రాయి చప్పుడు కాదు. సర్వేయరు స్వయంగా మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి తీశాడు. బోర్లించిన స్టీలు గిన్నె బయటపడింది. మెరుపు పోయింది కానీ గిన్నె గట్టిగానే ఉంది. దాన్ని ఎత్తితే కింద నాలుగు బొగ్గు పెళ్ళలు, నిన్న పెట్టినట్టు నల్లగా ఉన్నాయి.

యాడి గిన్నెను ఆయన చేతిలోంచి లాక్కుంది. కొంగుతో తుడిచింది. చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కనపడింది. ఆమెకు చదువు రాదు, కానీ ఆ చుక్కలు తెలుసు. వేలితో వాటిని తడుముతూ బాపు వైపు తిరిగింది.

"ముప్పై ఏండ్లు. చెప్పొచ్చు గద నాకు."

"చెప్తే నువ్వు తండా మొత్తం చెప్పుతవ్," అన్నాడు బాపు.

"చెప్పకపోతే నేనేం అనుకున్ననో ఎరుకేనా?"

"ఎరుకే," అన్నాడు. "అనుకోనీ అనుకున్న. బొగ్గు ఎరుకైతే ఉద్యోగం పోతది." ఆ మాటకు మా యాడి నవ్విందో ఏడ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆఫీసరు అంత తేలిగ్గా ఒప్పుకుంటాడా? మీరే మొన్న పెట్టి ఉంటారన్నాడు. అప్పుడు యాడి ఇంటికి పోయి మిగిలిన రెండు గిన్నెలు తెచ్చింది. మూడింటినీ ఒకదానిమీద ఒకటి పెడితే క్యారేజి కమ్మీలో సరిగ్గా కూర్చున్నాయి. మూడింటి మీదా ఒకే చేతి చెక్కుడు. "నేను నాలుగో తరగతికి పోకముందు నుంచి ఈ గిన్నె లేదని తండాల ఎవర్నన్న అడగండి సార్," అన్నాను. అడగాల్సిన పని లేకుండానే పోగైన ఆడవాళ్ళు అందుకున్నారు. మా యాడి తిట్లు వినని ఇల్లు తండాలో లేదు మరి. ఇక రాసుకోమన్నట్టు ఆఫీసరు సర్వేయరుకు చెయ్యి ఊపాడు.

సర్వేయరు ఫొటోలు తీసి, మిషన్ పెట్టి ఆ చోటు గుర్తు రాసుకుని, పంచనామా రాశాడు. సంతకం పెట్టమంటే బాపు పెట్టలేదు. నాతో రెండుసార్లు చదివించాడు. మొదటిసారి మామూలుగా, రెండోసారి ఒక్కో ముక్కా వేలుపెట్టి చూపిస్తూ. 'కంపెనీ బొగ్గు' అని ఉన్నచోట కంపెనీ కొట్టేయించాడు. అప్పుడు పెట్టాడు. హద్దురాయిని మళ్ళీ అక్కడే పాతారు, కింద బొగ్గులతో సహా. గిన్నె కూడా పెడదామని బాపు అంటే యాడి ఒప్పుకోలేదు. "నా గిన్నె నాకు గావాలె," అని బూడిదతో తోముకుంది.

ఆ రోజు జేసీబీ వెనక్కి పోయింది. ఎర్ర అక్షరాలు పోవడానికి ఇంకో పంటకాలం పట్టింది. రిపోర్టు పైకి పోయిందంటారు, పైన అంటే ఎక్కడో చెప్పరు. రోజూ డ్యూటీకి పోయేముందు ఫోన్‌లో సర్వే నంబరు కొట్టి చూసేదాన్ని. ఒకరోజు కొడితే ఎరుపు లేదు. నమ్మలేక మూడుసార్లు కొట్టాను. ప్రింటు తీయించుకుని తండాకు పోయి బాపుకు చూపిస్తే, "మళ్ళ ఎర్రగయితే?" అన్నాడు. కాదని నేను చెప్పలేను. ఇప్పటికీ రోజూ కొట్టి చూస్తూనే ఉన్నాను.

ఆ ప్రింటు చూపించిన రోజు నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు. మోకాళ్ళ నొప్పితో అంత దూరం ఎందుకంటే వినలేదు. బస్సు వచ్చి ఆగాక, నేను మెట్టు ఎక్కుతుంటే, బనీను లోపలినుంచి ప్లాస్టిక్ కవరు ఒకటి తీసి నా బ్యాగులో కుక్కాడు. "నీ కాడ ఉండనీ," అన్నాడు. ఏమిటో చెప్పలేదు.

కిటికీ పక్కన కూర్చుని కవరు విప్పాను. పాసుబుక్కు. ఒక్క క్షణం గుండె నిండిపోయింది. తర్వాతి క్షణం నా చెయ్యి దానంతటదే పేజీ వెనక్కి పోయింది. బొటనవేలితో రుద్దాను. పెన్ను ఒత్తిన గీతలు వేలికి గరుకుగా తాకాయి. అసలుదే.

తల ఎత్తితే కిటికీ కింద బాపు నన్నే చూస్తున్నాడు. నా వేలు ఇంకా పేజీ వెనకే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. కన్నతండ్రి ఇచ్చినదాన్ని, అదీ ఆయన ముందే, పరీక్ష చేశాను. కానీ ఆయన ముఖం చిన్నబోలేదు. నా పెళ్ళినాడు కూడా అంత సంతోషంగా కనపడలేదు ఆయన. బస్సు కదులుతుంటే కిటికీ పట్టుకుని రెండడుగులు పక్కనే నడిచాడు.

"అన్ని పేజీలు చూడు బిడ్డా," అన్నాడు.